మరపెరుగని మంచునేల



తెలుగువారికి యాత్ర కొత్త కాదు. 1830వ సంవత్సరమున చెన్నపట్టణము నుండి బయలుదేరి కాశి వరకు పోయి తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తాము దిగిన ప్రతి మజిలీని గూర్చియు, అది ఎంత ఊరో, అక్కడ నీళ్ళెట్లుండునో, సరకులు దొరకునో లేదో, దిగుటకు సత్రము కలదో లేదో, ఎంతో శ్రద్ధగా వ్రాసిపెట్టినారు. నాటి నుండి నేటి వరకు మన యెరుకలో యాత్ర యనగా ఒక ఊరి నుండి మరియొక ఊరికి, ఒక జనసమూహము నుండి మరియొక జనసమూహమునకు పోవుటయే. త్రోవలో అడవి వచ్చినను ఏరు వచ్చినను అవి దాటవలసిన అంతరాయములే గాని చేరవలసిన గమ్యములు కావు. అట్టి మనము గుడి గాని, సంత గాని, సత్రము గాని లేని చోటికి, దున్నిన పొలము, నాటిన చెట్టు, నడచిన బాట అను మూడింటిలో ఒక్కటియు కానరాని చోటికి పోయినచో అక్కడ చూడదగినదేమి? అక్కడ మెలగవలసిన తీరెట్టిది? ఈ రెండు ప్రశ్నలకు నాకు తోచిన సమాధానమును మీకు విన్నవించుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

నేను చెప్పబోవు చోటు స్వాల్బార్డ్ ద్వీపసమూహము. నార్వే దేశపు ఉత్తరపు కొసకును ఉత్తర ధ్రువమునకును ఇంచుమించు నడుమ, 74 మొదలు 81 డిగ్రీల ఉత్తర అక్షాంశముల మధ్య, ఆర్కిటిక్ మహాసముద్రమున ఈ దీవులు కలవు. వీటిలో పెద్దది స్పిట్స్‌బెర్గెన్. దీవులన్నింటి వైశాల్యము సుమారు 61,000 చదరపు కిలోమీటర్లు. అందు సగమునకు మించి హిమానీనదములే ఆక్రమించియున్నవి. వర్షమును మంచును కలిపి లెక్కించినను ప్రధాన పట్టణము దగ్గర ఏడాదికి కురియునది 200 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే గనుక దీనిని శీతలమైన ఎడారి యనుటయు కద్దు. ఐనను అట్లాంటిక్ మహాసముద్రము నుండి ఉత్తరాభిముఖముగా వచ్చు వెచ్చని నీటి ప్రవాహమొకటి పశ్చిమ తీరమును ఒరసికొనుచు పోవుటచేత, అంతటి ఉత్తరమున ఉండియు, వేసవిలో ఓడలు ఫియోర్డులనబడు లోతైన సముద్రపు పాయలలోనికి నిరాటంకముగా పోగలవు. 1596లో డచ్చి నావికుడు విల్లెం బారెంట్స్ ఈ తీరమును కనుగొన్నది మొదలు ఐరోపావారి రాకపోకలకు త్రోవ తెరచియుంచినది ఈ ప్రవాహమే.

ఆ తరువాత మూడు శతాబ్దములకు పైగా ఈ దీవులకు రాజు లేడు, చట్టము లేదు. 1920లో పారిస్ నగరమున కుదిరిన సంధి ననుసరించి వీటిపై సార్వభౌమాధికారము నార్వేకు దక్కినది. సంధిలో చేరిన రాజ్యముల ప్రజలకు అక్కడ వృత్తివ్యాపారములు చేసికొనుటకు సమానమైన హక్కు ఉండవలెనను నిబంధన కూడ అందే చేరినది. ఆ రాజ్యములలో మన దేశమును ఒకటి. స్వాల్బార్డులో అడుగిడుటకు ఏ దేశస్థునికిని వీసా అక్కరలేదు; కాని త్రోవ నార్వే మీదుగా పోవును గనుక, పోవునపుడొకసారి, మరలివచ్చునపుడొకసారి ప్రవేశింపనిచ్చు షెంగెన్ వీసాను భారతీయ యాత్రికుడు ముందుగానే సంపాదించుకొనవలెను. పోదలచినవారు గుర్తుంచుకొనవలసిన మాట యిది.

ఓస్లో నగరము నుండి విమానము మూడు గంటలలో లాంగ్‌యర్‌బ్యెన్ చేర్చును. 1906లో జాన్ మన్రో లాంగ్‌యర్ అను అమెరికా వ్యాపారి బొగ్గు త్రవ్వించుటకై నెలకొల్పిన ఈ ఊరు 78 డిగ్రీల అక్షాంశమును దాటియున్నది. జనాభా రమారమి 2,500. ఇండ్లు నేలకు ఆనక స్తంభములపై నిలిచియుండును. అడుగున పదుల మీటర్ల లోతు వరకు, కొండలలోనైతే వందల మీటర్ల లోతు వరకు, నేల శాశ్వతముగా గడ్డకట్టియున్నది. పైపొర మాత్రము వేసవిలో మీటరు మేరకు కరిగి, చలికాలమున తిరిగి బిగిసికొనును. ఇంటి వేడి ఆ నేలకు సోకినచో అడుగున మంచు కరిగి ఇల్లు క్రుంగును గనుక, ఇంటికిని నేలకును నడుమ గాలి ఆడవలెను. మ్యూజియములోనికి గాని, అనేకములైన హోటళ్ళలోనికి గాని పోవువారు పాదరక్షలు గుమ్మము దగ్గరనే విడువవలెను. గనులలో పనిచేసి వచ్చినవారి బూట్ల మసి ఇంటిలో పడకుండుటకై ఏర్పడిన ఆచారము గనులు మూతపడినను నిలిచియున్నది. మనవారికి ఇది వింతగా తోచదు. వింతగా తోచునది ఊరి పొలిమేరలోని హెచ్చరిక ఫలకము. దానిపై ధ్రువభల్లూకపు బొమ్మ. ఆ ఫలకమును దాటిపోవువారు ఎలుగును బెదరించి తరుమగల సాధనమును వెంట ఉంచుకొనవలెనని చట్టము. తుపాకియు ఉండుట మేలని అధికారుల హితవు. మనుష్యుని పెత్తనము ఇక్కడితో సరి యని ఇంత స్పష్టముగా చెప్పు పొలిమేరను నేను మరెచ్చటను చూచియుండలేదు.

వేసవిలో పోయినవానిని మొట్టమొదట కలవరపెట్టునది చలి కాదు, వెలుగు. ఏప్రిల్ 20 ప్రాంతము మొదలు ఆగస్టు 23 ప్రాంతము వరకు సూర్యుడు అస్తమింపడు. అర్ధరాత్రమున ఉత్తర దిక్కున నిలిచి, మధ్యాహ్నమునకు దక్షిణము చేరి, ఆకాశమును ప్రదక్షిణించుచుండును. ప్రాతస్సంధ్యతో మొదలై సాయంసంధ్యతో ముగియుటకు అలవాటుపడిన మన దినము, సంధ్యయే లేని ఆ చోట ఎక్కడ ఆగవలెనో తెలియక తడబడును. ఆకలికి వేళ యుండదు, నిద్ర పిలిచినను రాదు. ఇందుకు ప్రతిగా అక్టోబరు చివర మొదలు ఫిబ్రవరి నడుమ వరకు సూర్యబింబము దిఙ్మండలమును దాటి పైకి రాదు; అందులోను నడిమి రెండు మాసములకు మించిన కాలము మిట్టమధ్యాహ్నమున కూడ చీకటియే. ఫిబ్రవరిలో సూర్యుడు తలచూపినను చుట్టునున్న కొండలు అడ్డుపడుటచేత ఊరి నడుమకు తొలికిరణము మార్చి 8వ తేదీ ప్రాంతమున గాని చేరదు. ఆనాడు పిల్లలు, పెద్దలు పాత ఆసుపత్రి మెట్ల దగ్గర గుమిగూడి దానికి స్వాగతము పలుకుదురు. సూర్యుడు ప్రత్యక్షదైవమన్న మాటను ఆ మెట్ల దగ్గర నిలిచినవారికి ఎవరును వ్యాఖ్యానింప నక్కరలేదు.

ఊరు దాటిన పిమ్మట మరియొక ఊరికి పోవు రోడ్డన్నది లేదు. వేసవిలో చిన్న ఓడనెక్కి తీరము వెంబడి పోవుచు, అనుమతి యున్న చోట్ల రబ్బరు పడవలలో ఒడ్డు చేరుట యాత్రికుల పద్ధతి. ముందుగా మార్గదర్శకులు తుపాకులు ధరించి దిగి, దుర్భిణులతో నలుదెసల పరికించి, ఎలుగు లేదని నిశ్చయించుకొన్న తరువాతనే తక్కినవారికి అనుజ్ఞ ఇత్తురు. దిగవలసిన తీరమున ఎలుగు కానవచ్చెనా, ఇక దిగుట లేదు, ఓడ మరలవలసినదే. ఇంత సొమ్ము చెల్లించి ఇన్ని వేల మైళ్ళు వచ్చితిమే యని మొరపెట్టుకొన్నను వినువారు లేరు. ఇంటివారు వలదన్నప్పుడు అతిథి గడప దాటరాదను మర్యాదను మనము మనుష్యుల యెడలనే పాటించుట ఎరుగుదుము. అక్కడ అది మృగమునకు చెల్లుచున్నది.

ఒడ్డున నిలిచిన తరువాత మొదట మోసపోవునది కన్ను. చెట్టు లేదు, ఇల్లు లేదు. ఎత్తును దూరమును పోల్చుకొనుటకు కంటికి అలవాటైన కొలబద్ద ఒక్కటియు లేదు. గాలి నిర్మలమై యుండుటచేత ఎంతో దూరపు కొండ కేకవేటు దూరమున ఉన్నట్లు తోచును. అల్లదుగో యనుకొన్న హిమానీనదము గంటలు నడచినను దగ్గర కాదు. ఇది నిర్జీవమైన చోటని తలపోసి వచ్చినవాడు తల ఎత్తి చూచుట మాని నేలవైపు వంగి చూడవలెను. ఇతర దేశములలో మేడల యెత్తు పెరుగు విల్లో జాతికి చెందిన మొక్కయొకటి ఇక్కడ కొలది సెంటీమీటర్లకు మించక, కొమ్మలను నాచులో దాచుకొని, ఆకులను మాత్రమే పైకి చాచి బ్రతుకుచున్నది. ఆ దీవులలో అడవి యనదగినది ఏదైన ఉన్నచో అది యాత్రికుని చీలమండకు అందునంతటిదే. కావున అక్కడ ఎక్కడ అడుగు పెట్టితిమన్నది చిన్న మాట కాదు.

ఆకాశము మాత్రము జీవకోటితో క్రిక్కిరిసియుండును. ఆర్కిటిక్ టెర్న్ అను సన్నని తెల్లని పక్షి దక్షిణ ధ్రువపు సముద్రములలో కొన్ని నెలలు గడపి, భూగోళమును ఈ కొస నుండి ఆ కొస వరకు దాటివచ్చి, ఇక్కడి గులకరాళ్ళలో గ్రుడ్లు పెట్టును. తన గూటి దాపునకు వచ్చినది మనిషి యైనను ఎలుగైనను దానికొక్కటే; నేరుగా నెత్తిపై పొడుచును. అందుచేత ఆ త్రోవను పోవువారు ఒక కర్రను తలపై ఎత్తి పట్టుకొని నడతురు. పక్షి ఆ కర్ర కొసనే శిరస్సనుకొని దానితో పోరాడును. తూర్పున ఒక జలసంధి యొడ్డున ఆల్కెఫ్యెల్లెట్ అను నల్లరాతి కొండచరియ కలదు. అందలి అరుగులపై వేలకొలది గిల్లెమాట్ పక్షులు ఒకదానినొకటి ఒరసికొని గూడు లేకయే గ్రుడ్లను పొదుగును. పిల్లలు మూడు వారముల వయస్సున, ఎగురుట రాకమునుపే, ఆ యెత్తు నుండి సముద్రములోనికి దుముకును. తండ్రిపక్షి వెంట దిగి, వాటిని తోడ్కొని దూరసముద్రమునకు ఈదుకొనుచు పోవును. ఆ చరియ క్రింద పడవలో కూర్చున్నవానికి రెట్టల కంపును, చెవులు గింగురుమను కోలాహలమును తప్ప వేరు తలంపునకు తావుండదు. నిర్జనమన్నంత మాత్రమున నిశ్శబ్దము కానక్కరలేదని అక్కడ తెలియును.

హిమానీనదము సముద్రమును చేరు చోట మంచు నిలువుగోడయై తెగియుండును. యుగముల తరబడి పైమంచు బరువుకు నలిగి బిగిసిన ఆ గడ్డ వెలుగులోని ఎరుపును తాను మ్రింగి నీలిమను మనకు విడుచుటచేత దాని పగుళ్ళు నీలమణి వన్నెతో మెరయును. ఉన్నట్టుండి గోడలో ఒక భాగము విరిగి నీట కూలును. కూలినది కంటికి కనబడిన కొన్ని క్షణములకు గాని ఉరుము చెవికి చేరదు. పడవ ఇంజను ఆపి చెవియొగ్గినచో చుట్టును తేలు మంచుముక్కలనుండి వేడి యిసుకలో పేలాలు వేగునట్టి చిటపటధ్వని ఎడతెగక వినవచ్చును. అది ఎన్నడో కురిసిన మంచుతోపాటు చిక్కుకొని, ఒత్తిడికి లోనై, గడ్డ కరుగగానే బంధము వీడి వెలికివచ్చు ప్రాచీనమైన గాలి. మన తాతముత్తాతలు పీల్చియుండదగిన గాలిని దాచియుంచిన నేల మరి దేనిని దాచియుంచదు? చూడదగినదేమి యన్న నా మొదటి ప్రశ్నకు సమాధానము నాకు ఈ ఆలోచనలోనే దొరికినది. ఆ సీమలో చూడదగినది శూన్యత కాదు; ఏ జాడను పోనీయని నేల యొక్క జ్ఞాపకశక్తి.

వాయవ్య మూలనున్న ఆమ్‌స్టర్‌డామ్ దీవిలో 17వ శతాబ్దపు పూర్వార్ధమున డచ్చివారు స్మీరెన్‌బర్గ్ అను తిమింగిలపు నూనె కేంద్రమును నెలకొల్పినారు. ఐరోపా నగరముల దీపములకు, సబ్బులకు నూనె కావలెను. ఆ పాయలలో మెల్లగా ఈదుచు, చంపినను మునుగక తేలునట్టి బోహెడ్ తిమింగిలములు అపారముగా ఉండెను. వాటిని ఒడ్డునకీడ్చి, క్రొవ్వు కోసి, రాగి బానలలో కాచి, పీపాలకెత్తి పంపినారు. 1633లో ఏడుగురు మనుష్యులు కేంద్రమునకు కాపుగా చలికాలమంతయు అక్కడ నిలిచి ప్రాణములతో బయటపడిరి. మరుసటి యేడు వారికి బదులుగా నిలిచిన ఏడుగురిలో ఒక్కడును మిగులలేదు. తీరము దగ్గర తిమింగిలములు అరుదు కాగా 1660 నాటికి కేంద్రము పాడుపడినది. అప్పటి పొయ్యిల చుట్టును నూనెయు ఇసుకయు కలిసి గట్టిపడిన వలయములు నేటికిని ఆ యొడ్డున ఉన్నవి. బోహెడ్ తిమింగిలములు మాత్రము ఆ సముద్రమున పూర్వపు సంఖ్యకు తిరిగి రాలేదు.

ఆ దీవికి సమీపముననే డాన్స్కోయా యను మరియొక దీవి కలదు. అక్కడినుండి 1897 జూలై 11న స్వీడన్ దేశస్థుడైన సాలమన్ ఆంద్రే, నిల్స్ స్ట్రిండ్‌బెర్గ్, క్నూట్ ఫ్రెంకెల్ అను ఇరువురు సహచరులతో కూడి, హైడ్రోజన్ బెలూనునెక్కి ధ్రువమునకు బయలుదేరెను. మూడు దినములకే బెలూను మంచుపై దిగిపోయినది. ఆ పిమ్మట ఆ మువ్వురేమైరో లోకమునకు తెలియలేదు. 33 ఏండ్ల తరువాత, 1930లో, ద్వీపసమూహపు తూర్పు కొసనున్న క్విటోయా దీవిలో నార్వే దేశపు ఓడవారికి వారి కళేబరములు, దినచర్య పుస్తకములు, కెమెరాలోని ఫిల్ము దొరికినవి. ఆ ఫిల్మును కడిగి చూడగా ఎన్నో చిత్రములు నిలిచియున్నవి: మంచుపై ఒరిగిన బెలూను, దానివైపు చూచుచు నిలిచిన ఇద్దరు మనుష్యులు. మన దేశమున అట్టి వస్తువులు ఆరుబయట పడియున్నచో రెండు వానకాలములు గడచునప్పటికి చెదలు తినును, తీగలు కప్పును, మట్టి కలుపుకొనును. ఉష్ణదేశములలో ప్రకృతి మన చేష్టలను కప్పిపుచ్చి మనలను క్షమించుచుండును; మంచునేల క్షమింపదు, మరువదు. వేసవిలో మెత్తబడిన నేలపై ట్రాక్టరు చేసిన గాడి దశాబ్దములు గడచినను మానదు. అడుగుల వరుస పడినచోట నాచు తిరిగి మొలచుటకు మనిషి ఆయుర్దాయములో చాల భాగము పట్టును.

ఈ మరపు లేనితనమును నార్వే ప్రభుత్వము చట్టముగా మలచినది. 1946కు పూర్వపు మానవచిహ్నమేదైనను, కూలిన గుడిసె యైనను, తుప్పుపట్టిన మేకైనను, తిమింగిలపు ఎముకల కుప్ప యైనను, అక్కడ రక్షితమైన పురావస్తువు. దానిని కదల్చుట నేరము. పూవు కోయరాదు. నేటి చెత్త సంగతి వేరు. సముద్రప్రవాహములు ఎక్కడెక్కడినుండియో మోసికొనివచ్చిన చేపల వలలు, ప్లాస్టిక్ డబ్బాలు ఆ తీరములలో పేరుకొనుచున్నవి. వలలలో కొమ్ములు చిక్కుకొని రెయిండీర్లు చచ్చిపోవుటయు కద్దు. అందుచేత ఒడ్డున దిగిన యాత్రికులు సంచులు పట్టుకొని ఆ చెత్తను ఏరి ఓడకెక్కించుటయు అక్కడ యాత్రలో భాగమైనది. నాకు ఆ పని ఏ దృశ్యమునకును తీసిపోని తృప్తినిచ్చినది.

మనుష్యుడు చేయి వెనుకకు తీసికొన్నచో ఏమి జరుగునో కూడ ఆ నేల చూపుచున్నది. వేటవలన అంతరించుటకు సిద్ధముగా నున్న రెయిండీరును 1925 నుండి, వాల్రస్‌ను 1952 నుండి, ధ్రువభల్లూకమును 1973 నుండి చట్టము కాపాడుచున్నది. ఫలితముగా వాల్రస్‌లు శతాబ్దముల తరబడి విడిచిపెట్టిన ఇసుక తీరములకు తిరిగివచ్చి, ఒకదానిపై నొకటి తలలానించి, గురకలు పెట్టుచు నిద్రించుచున్నవి. వాటి కొరకు ఎవరును కొత్తగా ఏమియు చేయలేదు. చంపుట మానినారు, అంతే. 2025 జనవరి 1 నుండి నిబంధనలు మరింత బిగిసినవి. రక్షిత ప్రాంతములలోనికి 200 మందికి మించిన యాత్రికులుగల ఓడకు ప్రవేశము లేదు. అక్కడ నిర్ణయించిన కొలది చోట్ల తప్ప దిగరాదు. ఎలుగునకు 300 మీటర్ల దూరమున, మార్చి నుండి జూన్ వరకైతే 500 మీటర్ల దూరమున నిలిచిపోవలెను. వ్యాపారస్థులకు ఇది రుచింపకపోవచ్చును గాని, చిత్రము పెద్దదిగా రావలెనను ఒక్క కోరికకై ఒక ప్రాణిని నిద్ర లేపుటకు మన కెట్టి హక్కును లేదని నేను నమ్ముచున్నాను.

ఇక మనకును ఆ నేలకును గల సంబంధమును గూర్చి రెండు మాటలు. 79వ డిగ్రీకి చేరువగా నీ-ఓలెసుండ్ అను చిన్న ఊరు కలదు. పూర్వమది బొగ్గుగని. 1926లో అముండ్సెన్, నోబిలే, ఎల్స్‌వర్త్ మొదలగు సాహసికులు నోర్గె యను వాయునౌకలో ధ్రువము మీదుగా అలాస్కాకు పోయినది ఇక్కడినుండియే. ఆ నౌకను కట్టిన ఇనుప స్తంభము ఇప్పటికిని నిలిచియున్నది. 1962లో గనిలో జరిగిన ప్రేలుడువలన 21 మంది మరణింపగా త్రవ్వకమును మానివేసినారు. నేడది పలు దేశముల శాస్త్రజ్ఞుల నివాసము. మన దేశపు హిమాద్రి పరిశోధనా కేంద్రము 2008 జూలై 1న అక్కడనే ప్రారంభమైనది. మంచు, సముద్రము, వాతావరణము వీటిలోని మార్పులకును మన ఋతుపవనములకును గల సంబంధమును పరిశీలించుట దాని కార్యములలో ఒకటి. ఆ యూరిలో రేడియో టెలిస్కోపు ఉన్నందున సుదూర అంతరిక్షమునుండి వచ్చు సన్నని తరంగములకు అంతరాయము కలుగరాదని, వచ్చినవారందరును సెల్‌ఫోనులలోని వైర్‌లెస్ సాధనములను ఆపివేయవలెను. రేడియోలో మాటలాడుచున్న నేను రేడియో తరంగములకు మౌనవ్రతము విధించిన ఊరిని మెచ్చుకొనుట వింతయే గాని, వినదలచినవాడు ముందుగా తాను ఊరకుండవలెనన్న నీతి అందు కలదు.

రెండవది విత్తనముల సంగతి. లాంగ్‌యర్‌బ్యెన్ విమానాశ్రయమునకు ఎగువన కొండను తొలిచి, నూరు మీటర్లకు మించిన లోతున, ప్రపంచ విత్తనాగారమును నిర్మించి 2008 ఫిబ్రవరి 26న ప్రారంభించినారు. ప్రపంచమందలి విత్తన నిధులు తమ విత్తనములకు ప్రతులను అక్కడ సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో దాచుకొనును. వాటిపై హక్కు దాచినవారిదే. హైదరాబాదు చెంత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ సేకరించిన జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలగు మెట్టపంటల విత్తనములును అందున్నవి. సిరియా యుద్ధమున అలెప్పో చెంతనున్న తమ విత్తన నిధికి దూరమైన శాస్త్రజ్ఞులు 2015లో ఇక్కడినుండియే తమ విత్తనములను తిరిగి తీసికొని, ఇతర దేశములలో నాటి వృద్ధిచేసిరి. యాత్రికులకు లోనికి ప్రవేశము లేదు. కొండలోనుండి పొడుచుకొనివచ్చిన ద్వారమును చూచి మరలవలసినదే. మన రైతుల జొన్నగింజ ఆ తలుపుల వెనుక భద్రముగా నున్నదని తెలిసి నిలుచుటకు ఆ మాత్రపు దర్శనము చాలును.

ఐతే ఆ భద్రతకును భంగము వాటిల్లుచున్నది. 2016 చలికాలపు తొలిదినములలో వెచ్చదనమువలన కరిగిన మంచునీరు విత్తనాగారపు ప్రవేశమార్గములోనికి వచ్చినది. విత్తనములకు హాని కలుగలేదు గాని, శాశ్వతమనుకొన్న గడ్డనేలపై నమ్మకము సడలి ఆ మార్గమును తిరిగి కట్టవలసివచ్చినది. 2020 జూలై 25న లాంగ్‌యర్‌బ్యెన్‌లో ఉష్ణోగ్రత 21.7 డిగ్రీలకు చేరినది. అంతకుముందెన్నడును అక్కడ అంత వేడి నమోదు కాలేదు. భూగోళమంతటి సగటుకంటె అనేక రెట్లు వేగముగా ఈ దీవులు వేడెక్కుచున్నవి. హిమానీనదములు వెనుదిరుగుచున్నవి, పశ్చిమపు పాయలలో చలికాలపు మంచుతట్టు సరిగా కట్టుట లేదు, ఆ తట్టుపైననే సీలు వేటాడి బ్రతుకవలసిన ఎలుగు ఒడ్డున పక్షిగ్రుడ్లను వెదకుకొనుచున్నది. ఆరుకోట్ల ఏండ్ల క్రిందట అక్కడ పెరిగిన అడవుల శేషమే ఆ కొండలలోని బొగ్గు. దానిని ఒక శతాబ్దమునకు పైగా త్రవ్వి మండించితిమి. నార్వేవారి చివరి గని 2025లో మూతపడినది గాని, యాత్రికులమైన మనము ఎక్కి పోవు విమానములు, ఓడలు నేటికిని నూనెనే మండించుచున్నవి. మంచు చూడబోవువాడు తన ప్రయాణముచేతనే కొంత మంచును కరిగించుచున్నాడన్నది దాచిపెట్టదగిన నిజము కాదు.

అట్లైన పోవలెనా, మానవలెనా? ఎవరును పోరాదని నేననను. చూడని దానిని కాపాడవలెనను తలంపు మనుష్యులకు అంత సులభముగా పుట్టదు. కాని ఆ చూపునకు వెల గలదు. కావున పోదలచినవారు పలుమార్లు గాక ఒక్కసారి, హడావిడిగా గాక తీరికగా, పెద్ద ఓడలో గాక చిన్న ఓడలో పోవలెను. ఎలుగు కనబడలేదని మార్గదర్శకుని నిందింపక, కనబడినపుడు దూరమున నిలువవలెను. రాయిని గాని, ఎముకను గాని, పూవును గాని జ్ఞాపకార్థమని తీసికొనరాదు. అక్కడ జ్ఞాపకము నిలుపుకొనవలసినది మనము కాదు, నేల. దానికి మన గుర్తు ఏదియు మిగులకుండుటయే మనము చేయదగిన ఉపకారము. మెలగవలసిన తీరెట్టిదన్న రెండవ ప్రశ్నకు నా సమాధానమిదియే.

పోవుటకు వీలుపడనివారు కొరత పడవలసిన పని లేదు. నల్లమల త్రోవలలో, పాపికొండల నడుమ గోదావరిపై, తలకోన జలపాతము చెంత మనమందరమును యాత్రికులమే. అక్కడి నేల మంచునేలవలె ప్రతి గుర్తును ఎత్తి చూపకపోవచ్చును. ఐనను మనము విసరిన ప్లాస్టిక్ సంచి ఆ అడవిలోను కుళ్ళదు, మనము బెదరించిన మృగము ఆ కొండలోను నెలవు విడుచును. ఈసారి మీరు అడవికి పోయినపుడు మృగమునకు ఎడమిచ్చి నిలువుడు. పిల్లలచేత పూవు కోయింపకుడు. తెచ్చుకొన్న వస్తువులన్నింటిని, వాటి చుట్టిన కాగితములతో సహా, తిరిగి ఇంటికి తెచ్చుకొనుడు. ధ్రువయాత్రకు కావలసిన శిక్షణలో మొదటి పాఠమిదియే. దీనికి వీసా అక్కరలేదు.